రిజిస్టరులో నాలుగో పేరు

భీమవరంలో, యనమదుర్రు డ్రైను వాసన
కిటికీ దాకా వచ్చే చోట,
ఏరేటర్లు బాగుచేసే మీరావలి షెడ్డు మీద
మా గది.
అద్దె పద్దెనిమిది వందలు, కరెంటు వేరే.

నేను కాలేజీలో చేరిన ఏడు
సంఘం అంటే ఒక రేకు పెట్టె, దానికి తాళం,
తాళంచెవి మొలతాడుకి కట్టుకున్న ఆషేరు.
"ఇదుగో, ఇక నువ్వే అధ్యక్షుడివి, నువ్వే సభ్యుడివి" అని
పెట్టె నా మంచం కిందకి తోసి
విజయవాడ ప్యాసింజరెక్కాడు.

పెట్టెలో రిజిస్టరు.
యూదు విద్యార్థుల సోదర సంఘం, భీమవరం శాఖ.
ఏడు పేర్లు, ఏడు రకాల సిరా.
నెల చందా ఐదు రూపాయలు.
నాలుగో పేరు నఫ్తాలి. ఎదురుగా మూడు నెలలు "ముట్టింది".
ఆ తర్వాత అందరికీ ఒకటే తెలుపు,
నీళ్లు తీసేసిన చెరువులా.

మొదటి శుక్రవారం నేనొక్కణ్ణే.
కొవ్వొత్తులు ఆరిపోతాయని ఫ్యాను ఆపి
చెమటలు కారుతుంటే
నానమ్మ నేర్పిన నాలుగు ముక్కలు చదివాను.
ఐదోది గుర్తు రాలేదు.
నానమ్మకు అక్షరం రాదు. తోలుకి దారం లాగినట్టు
ఒక్కో మాటా బిగించి కుట్టింది నాలో.
ఆ ఒక్క కుట్టే ఎక్కడో ఊడింది.

రెండో నెలకి ఎల్కానా దొరికాడు, క్యాంటీనులో.
రొయ్యల వేపుడు పక్కకి జరిపి
ఉత్త పెరుగన్నం కలుపుకుంటున్నాడు.
వాళ్ల నాన్నది రొయ్యల చెరువు కాపలా.
"రాత్రంతా కాస్తాం, నోట పెట్టం" అన్నాడు.
ఇంకేం అడగలేదు, పేరు రాసుకున్నాను.

తర్వాత ఉండి నుంచి కవలలు,
పాలకొల్లు నుంచి షమ్మా,
ఎవరితోనూ చెప్పనని తండ్రికి ఒట్టేసి వచ్చిన
ఆకివీడు కుర్రాడు.
వాడి పేరు ఇప్పటికీ పెన్సిలుతోనే ఉంది.
"మీదే చర్చి?" అని అడిగేవాళ్లకి
"శనివారం చర్చి" అనేవాడు ఎల్కానా,
వాదించే ఓపిక లేక.

తొమ్మిది దగ్గర ఆగిపోయాం.
పదిమంది లేనిదే కొన్ని ప్రార్థనలకి నోరు తెరవకూడదు.
పుట్టిన దగ్గర్నుంచీ వింటున్న మాటే,
పదిమందిలో తలెత్తుకు తిరగాలి, పదిమంది నవ్వుతారు.
ఆ పదిమంది ఎవరో
ఈ గదిలో వేళ్లు ముడిచి లెక్కపెట్టేదాకా
నేనెప్పుడూ ఆలోచించలేదు.
మళ్లీ లెక్కపెట్టినా తొమ్మిదే.
మెట్ల మీంచి తొంగి చూసి మీరావలి
"నన్ను వేసుకోండయ్యా లెక్కలో" అన్నాడు.
నవ్వాం. కుదరదని చెప్పడానికి మాట దొరకలేదు.
ఆయనకి తెలిసే ఉంటుంది.
సోమవారం షెడ్డులోంచి బల్లొకటి మోసుకొచ్చి వేశాడు,
పదిమంది పట్టేది.

పాత పేర్ల వెంట పడ్డాను.
ఒకాయన పోయాడు. ఇద్దరు పేర్లు మార్చుకున్నారు.
ఒకావిడ ఫోనెత్తి
"ఆయనకి అవన్నీ గుర్తు చేయకండి బాబూ" అంది.

ముసురు పట్టిన శుక్రవారం. కరెంటు లేదు.
మెట్ల మీద తడి చెప్పుల చప్పుడు.
ఐసు లారీ డ్రైవరు, లుంగీకి అంటుకున్న ఊక.
కొవ్వొత్తి దగ్గర రిజిస్టరు తిప్పి
నాలుగో పేరు మీద వేలు పెట్టాడు.
"నా బాకీ ఎంతుంది తమ్ముడూ?"
ఎల్కానా కామర్సు.
"ఇరవై ఏడేళ్లు. పదహారు వందల ఇరవై."
మూడు ఐదువందల నోట్లు, మెత్తగా, చల్లగా.
"మిగతాదానికి ఐసు వేస్తాను."

ఆ రాత్రి ఐదో ముక్క ఆయనే ఎత్తుకున్నాడు, తప్పుగా.
మా నానమ్మ తప్పే అది.
అదే చోట, అదే విరుపు.
చీకట్లో నా మొహం ఎవరికీ కనిపించలేదు.

ఇప్పుడు పద్నాలుగురం. బల్ల చాలడం లేదు.
మీరావలి అద్దె రెండు వందలు పెంచాడు.
ఐసు ఇంకా నలభై రూపాయలది రావాలి.